థెరపిస్టు సలహా ఇవ్వట్లేదు, ప్రశ్నలే అడుగుతున్నారు. ఇది మామూలేనా అండీ?

రేవుగట్టు_నరసాపురం

అందరికీ నమస్కారం అండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడి గురించి అడుగుదామని రాస్తున్నాను. నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకి తీసుకుని చేసేవాడు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు కొట్టేసింది. మేత డీలరు దగ్గర అప్పు, బయట వడ్డీకి తెచ్చిన అప్పు వేరే. చెరువు వదిలేశాడు. కానీ రాత్రి రెండు దాటాక దిగ్గున లేచి కూర్చుంటాడు. "అక్కా, ఏరేటర్లు ఆగిపోయాయి" అంటాడు. చెరువు నీళ్ళకి గాలి అందించే మిషన్లు అవి. కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి పరిగెత్తిన అలవాటు ఒంట్లో అలాగే ఉండిపోయింది. పగలు ఎవరితోనూ మాట్లాడడు. అన్నం ముందు కూర్చుని వేలితో కంచంలో గీతలు గీస్తాడు, ముద్ద మాత్రం లోపలికి పోదు.

రాజమండ్రిలో ఒక క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారంటే నేనే బతిమాలి తీసుకెళ్ళాను. కొన్ని వారాలుగా వెళ్తున్నాడు. వచ్చాక "ఏమన్నార్రా?" అంటే "ఏమన్లేదక్కా, నేనే మాట్లాడాను" అంటాడు. అప్పు ఎలా తీర్చాలో చెప్పలేదట. ధైర్యంగా ఉండమని కూడా చెప్పలేదట. ఓ కాగితం ఇచ్చి, రోజంతా ఏ గంటకి ఏం చేశావో రాయమన్నారు. అమ్మేమో "దీనికా వెయ్యి రూపాయలు, పైన బస్సు ఛార్జీలు" అంటోంది. ఈ వైద్యం ఇలాగే ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, పుణ్యం ఉంటుంది.

పంతులుగారు_పాలకొల్లు

అమ్మా, నేను రిటైరైన హైస్కూల్ మాస్టారిని. మా కాలంలో ఇంట్లో ఎవరికైనా మనసు బాగోకపోతే ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు అరుగు మీద కూర్చోబెట్టి నచ్చజెప్పేవాళ్ళు. మేనమామ వచ్చి పది రోజులు తమ ఊరు తీసుకుపోయేవాడు. ఈ ప్రశ్నలడగడం, కాగితాలు రాయించడం చూస్తే నాకూ మీ అమ్మగారి అనుమానమే కలుగుతోంది. కష్టంలో ఉన్నవాడికి దారి చూపించాలి కదా? వాడినే దారి చెప్పమంటే ఎలా?

రొయ్యరైతు_భీమవరం

చెల్లెమ్మా, ముందు మీ తమ్ముడికి ఒకమాట చెప్పండి, వాడొక్కడే కాదు. వైట్ స్పాట్ వచ్చిందంటే మందు లేదు. రొయ్య గట్టుకి చేరడం మొదలయ్యాక వారం పది రోజుల్లో చెరువు చెరువంతా పోతుంది. వెన్నామీ రకం రొయ్య వచ్చిన కొత్తలో అందరం లేచాం, తర్వాత అందరం ఏదో ఒక పంటలో పడ్డాం. రాత్రిపూట ఏరేటర్ చప్పుడు వినిపించడం నాకు తెలుసు. ఆ చప్పుడు ఆగితే గుండె ఆగినట్టుంటుంది.

కానీ నా ప్రశ్న కూడా మాస్టారిదే. అసలు జబ్బు అప్పు. దాని గురించి ఆ డాక్టరమ్మ ఏం చేస్తారు?

వశిష్ఠ_తీరం

రేవుగట్టు గారూ, నేను క్లినికల్ సైకాలజిస్టుని, గోదావరి జిల్లాల్లోనే ప్రాక్టీసు. మీ తమ్ముణ్ణి నేను చూడలేదు కాబట్టి అతని వైద్యం మీద వ్యాఖ్య చెయ్యను. నా దగ్గరికి ఇలాంటి మనిషి వస్తే నేనేం చేస్తానో, ఎందుకు చేస్తానో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మొదటి రెండు మూడు సార్లు దాదాపు వినడమే. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, మందు అలవాటుందా, ఇంట్లో ఇదివరకు ఎవరికైనా ఇలా జరిగిందా. వీటితోపాటు తప్పకుండా ఒకటి అడుగుతాను: "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని కూడా ఆలోచించావా?" సూటిగానే అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంట్లోవాళ్ళు భయపడతారు. అలా జరగదు. అడిగినప్పుడు చాలామంది గట్టిగా ఊపిరి వదుల్తారు, అన్నాళ్ళూ ఒక్కళ్ళే మోసిన మాట అది. ఉందని చెప్తే ఆ రోజు మిగతావన్నీ పక్కనపెట్టి, ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయి, ఎవరు తీసి దాస్తారు, రాత్రిళ్ళు ఎవరు దగ్గరుంటారు అనేవే మాట్లాడుకుంటాం. మన వైపు చేలో వాడగా మిగిలిన మందు వంటింటి అటక మీదో, పశువుల పాకలోనో ఉంటుంది. దాన్ని ఇల్లు దాటించడం అన్నిటికన్నా ముందు పని. ఇంకోటి, ప్రయత్నం చేసినవాళ్ళ మీద పోలీసు కేసు అవుతుందని దాచేస్తుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటివాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, వాళ్ళని శిక్షించకూడదు. వైద్యం చేయించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

ఇక సలహా సంగతి. రొయ్యల్లో దెబ్బతిన్న మనిషికి మా గది దాకా వచ్చేలోపు ఎన్ని సలహాలు అంది ఉంటాయో ఆలోచించండి. వేరే పంట వేసుకో, గల్ఫ్ వెళ్ళిపో, ధైర్యం తెచ్చుకో, పిల్లల మొహం చూసుకో. అన్నీ విన్నాడు. విన్న ప్రతిసారీ "ఇంత తేలికైన పని కూడా నేను చెయ్యలేకపోతున్నాను" అని ఇంకొంచెం కుంగాడు. నేను కూడా అదే జాబితాలో ఇంకోటి చేరిస్తే ఏం లాభం?

1957లో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక వ్యాసం రాశాడు. మనిషి మారాలంటే వైద్యుడి వైపు నుంచి ఏమేం ఉండాలో అందులో చెప్పాడు. ఎదుటివాడి బాధని వాడి చోటునుంచి అర్థం చేసుకోవడం, వాణ్ణి షరతుల్లేకుండా అంగీకరించడం, తాను నటించకుండా ఉండడం, ఈ మూడూ ముఖ్యమైనవి. అవి ఉంటే చాలు, అన్నీ అవే చక్కబడతాయి అన్నంత దూరం నేను వెళ్ళను. కానీ అవి లేకుండా తర్వాతి పనేదీ నిలబడదని మాత్రం రోజూ చూస్తున్నాను.

గదిలో అది ఎలా ఉంటుందో చెప్తాను. చాలామంది దగ్గర విన్న మాటలు కలిపి రాస్తున్నాను, ఏ ఒక్కరి సంగతీ కాదు.

"ఇల్లు ముంచేశానండీ."
ఇంట్లోవాళ్ళయితే వెంటనే "ఛ, అలా అనకు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. నేను కాసేపు ఊరుకుని, "ఇల్లు మునిగిందని రోజులో ఎప్పుడు ఎక్కువ అనిపిస్తుంది?" అంటాను.
"మా ఆవిడ చెవులు చూసినప్పుడు. బుట్టలు బ్యాంకులో ఉన్నాయి."
అదండీ అసలు సంగతి. అప్పు మొత్తం ఎంతన్నది కాదు, బోసిపోయిన ఆ చెవులు. అది ఎవరికీ చెప్పలేదు, భార్యకి అసలే చెప్పలేదు. నేను సలహాతో మొదలుపెట్టి ఉంటే ఆ మాట బయటికొచ్చేది కాదు.

కాగితం గురించి రేపు రాస్తాను. పొద్దుపోయింది.

కొబ్బరాకు_అంబాజీపేట

వశిష్ఠ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను థెరపీకి వెళ్ళొచ్చినవాణ్ణి, అందుకే రాస్తున్నాను. మా నాన్న పోయాక నాకు గుండె దడ మొదలైంది. గుండె పరీక్షలన్నీ చేయించాను, అన్నీ బాగానే వచ్చాయి. చివరికి ఒక డాక్టరుగారు సైకాలజిస్టుని కలవమన్నారు. మొదట్లో నాకూ చిరాకేసేది, ఆవిడ నా మాటే నాకు తిరిగి చెప్తున్నట్టు అనిపించేది. తర్వాత తర్వాత తెలిసింది, నా మాట నేనెప్పుడూ విననేలేదని. "నాన్న ఉండగా ఒక్కసారైనా ఎదురు చెప్పావా?" అని ఓ రోజు అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు అక్కడ చెప్పలేకపోయాను. బస్సులో రావులపాలెం వంతెన దాటుతుంటే ఏడుపొచ్చింది.

రేవుగట్టు గారూ, ఒక్కటి చెప్తా, ఏమీ అనుకోకండి. వచ్చాక "ఏమన్నారు" అని అడగడం మానెయ్యండి. మా ఇంట్లో అదే అడిగేవారు. ఇంటికొచ్చి అప్పజెప్పాలంటే అక్కడ మాట్లాడేటప్పుడే నోరు కట్టుకుపోతుంది.

రేవుగట్టు_నరసాపురం

ఆయ్, అలాగేనండి. ఇంక అడగను. మా మరదలి చెవులు కూడా బోసిగానే ఉన్నాయి. అది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

కాకినాడ_వార్డు

సైకియాట్రీలో పనిచేసే డాక్టర్ని. మందుల గురించి రెండు ముక్కలు. నిద్ర, ఆకలి ఇంతగా పోయినప్పుడు మాటల వైద్యంతోపాటు సైకియాట్రిస్టుకి కూడా ఒకసారి చూపించండి. సైకాలజిస్టు మందులు రాయరు, మేం రాస్తాం. డిప్రెషన్ మందులు వేసుకున్న మర్నాడే పనిచెయ్యవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. ఆ లోపే "పనిచెయ్యట్లేదు" అని ఆపేస్తారు. బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఇవి మత్తుమందులు కావు, వీటికి బానిసలవుతారన్నది అపోహ. థైరాయిడ్ లాంటివి కూడా ఒకసారి చూపించుకోవాలి, అవి తేడా వచ్చినా మనిషి ఇలాగే నీరసించిపోతాడు.

ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి డబ్బు అక్కర్లేదు, కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్)లో ఉంది. అర్ధరాత్రి భయమేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మోడరేటర్

14416 నంబరు చర్చ పైభాగంలో పిన్ చేశాం. దయచేసి ఎవరూ మనుషుల పేర్లు, ఆసుపత్రుల మీద ఫిర్యాదులు రాయకండి. ఊళ్ళు దగ్గర దగ్గర, ఇట్టే పోల్చేసుకుంటారు.

వశిష్ఠ_తీరం

కాగితం సంగతి. మనసు కుంగినప్పుడు మనిషి మొదట పనులు మానేస్తాడు. టీకొట్టుకి వెళ్ళడం మానేస్తాడు, గడ్డం గీసుకోవడం మానేస్తాడు, పెళ్ళిళ్ళకి మొహం చాటేస్తాడు. మానేసిన కొద్దీ కాస్త సంతోషమిచ్చేవీ, "ఇది నేను చేశాను" అనిపించేవీ తగ్గిపోతాయి. అవి తగ్గేకొద్దీ ఇంకా కుంగుతాడు, ఇంకా మానేస్తాడు. ఉత్సాహం వచ్చాక పనిచేద్దాం అని కూర్చుంటే ఉత్సాహం ఎప్పటికీ రాదు. అందుకని ముందు చిన్న పని, ఉత్సాహం దాని వెనకాల. 1970ల నుంచి దీని మీద పని జరుగుతోంది, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.

కాగితం మీద గంట గంటకీ ఏం చేశాడో, అప్పుడు మనసు పదికి ఎంత బాగుందో రాయమంటాం. వారం తర్వాత ఇద్దరం కలిసి చూస్తాం. "రోజంతా ఒకటే నరకం" అన్న మనిషి కాగితంలో పొద్దున ఏడింటికి కూతురికి జడ వేసినప్పుడు నాలుగు ఉంటుంది. మిగతాదంతా ఒకటీ రెండూ. ఆ నాలుగు దగ్గర్నుంచి మొదలుపెడతాం. పెద్ద పెద్దవి అప్పజెప్పను. "రేపు ఆరింటికి కాలవగట్టు దాకా నడిచి రా" అంతే. అది కూడా నేను చెప్పింది కాదు, ఏది చేయగలడో అతను ఎంచుకున్నదే.

రొయ్యరైతు_భీమవరం

ఇప్పుడు అర్థమైందండీ. నీళ్ళలో రొయ్య పైకి కనపడదు కదా, మేత వేసి నీళ్ళలో దింపిన చెక్‌ట్రే ఎత్తి చూస్తేనే మేత తింటోందో లేదో తెలిసేది. ఆ కాగితం కూడా అలాంటిదన్నమాట. మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి చెల్లెమ్మా, ఇట్టే పట్టేస్తాడు.

పంతులుగారు_పాలకొల్లు

వశిష్ఠ గారూ, మీరు చెప్పింది బుద్ధిగా చదివాను. ఒకటి అడుగుతాను. అయితే మేం పెద్దవాళ్ళం చెప్పే మంచిమాటకి విలువ లేదంటారా? ఇన్నాళ్ళూ ఎంతోమంది పిల్లలకి నచ్చజెప్పాం. కొందరు బాగుపడ్డారు కూడా.

వశిష్ఠ_తీరం

ఎంతమాటండీ మాస్టారూ. మీ పని వేరు, నా పని వేరు, రెండూ కావాలి.

రొయ్యరైతు గారు మొదట్లో అడిగారు, అప్పు సంగతి ఏం చేస్తారని. అప్పు నేను తీర్చలేను. మనసు కాస్త తేరుకున్నాక అతని చేతే ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు అని రాయిస్తాను. అంతవరకు అప్పు అతని తలలో లెక్కలేనంతగా ఉంటుంది. కాగితం మీదకొస్తే ఎంత పెద్దదైనా దానికో అంకె ఉంటుంది. ఆ తర్వాత మేత డీలరు దగ్గర కూర్చుని గడువు అడిగి, వడ్డీ తగ్గించమని మాట్లాడాల్సింది మీలాంటి పెద్దలే. ఆ పని నా వల్ల కాదు.

అయితే మీకు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. మన ఊళ్ళల్లో బాధ చెప్పుకోవాలంటే ఎదుటివాడు బాబాయో, వియ్యంకుడి తమ్ముడో, డీలరుకి బావమరిదో అయ్యుంటాడు. చెప్పిన మాట సాయంత్రానికి రేవు దాటుతుంది. మా దగ్గర చెప్పింది బయటికి పోదు. ఇది మా మంచితనం ఒక్కటే కాదు, 2017 చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ప్రాణానికి ముప్పుందనుకున్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, అలాంటి కొన్ని సందర్భాలు మినహాయింపు. ఆ మినహాయింపులు ఏమిటో మొదటిరోజే చెప్పేస్తాను.

ఇంకో సంగతి. నచ్చజెప్పడంలో జవాబు పెద్దవాళ్ళ దగ్గరుంటుంది. థెరపీలో ఆ మనిషి తన జవాబు తానే వెతుక్కోవడం నేర్చుకోవాలి, ఎందుకంటే వచ్చే ఏడాది ఇంకో కష్టం వస్తే అప్పుడు నేనుండను. రెండు పంటలు పోయాయి కాబట్టి "నేను దేనికీ పనికిరాను" అంటాడు. "కాదు, పనికొస్తావు" అని నేను వాదించను. కాగితం మధ్యలో గీత గీసి, వైరస్ చేసింది ఏది, కరెంటు చేసింది ఏది, నువ్వు నిర్ణయించింది ఏది అని అడుగుతాను. మొదట అన్నీ తన వైపే రాసుకుంటాడు. అడిగేకొద్దీ మెల్లగా అటువైపుకి జరుపుతాడు. ఒకటో రెండో తన వైపు మిగిలిపోతాయి, రెండో పంటకి బయటి వడ్డీకి తేవడం లాంటివి. వాటినీ తుడిచెయ్యం. అవి అతను ఒప్పుకోగలిగినవి, అంతటితో తన మీద తాను వేసుకున్న శిక్ష తగ్గుతుంది. మనసులో దానంతటదే మెదిలే ఇలాంటి ఆలోచనల్ని పట్టుకుని నిజమెంతో పరీక్షించే పద్ధతిని 1960ల్లో ఆరన్ బెక్ మొదలుపెట్టాడు.

పంతులుగారు_పాలకొల్లు

వైరస్, కరెంటు, నువ్వు. ఈ లెక్క బాగుంది. అవసరమైతే ఆ డీలరు దగ్గరికి నేనొస్తానమ్మా రేవుగట్టు. పాలకొల్లులో చాలామంది మేత వ్యాపారులు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. మోడరేటర్ ద్వారా కబురు పెట్టు.

గౌతమి_లంక

నాది వేరే సంగతి, ఇక్కడ అడగొచ్చా? మా అమ్మ నా చిన్నప్పుడే కువైట్ వెళ్ళింది, ఇళ్ళల్లో పనికి. ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను, ఇల్లు కట్టుకున్నాం. తిరిగొచ్చేసింది. ఇప్పుడు వంటింట్లో ఉంటే లోపల గడియ పెట్టుకుంటుంది. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. అక్కడేం జరిగిందో ఎవరికీ చెప్పదు. ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తే రెండోసారికే "అంతా చెప్పెయ్యండి, మనసు తేలికవుతుంది" అన్నారట. ఆ రాత్రంతా అమ్మ నిద్రపోలేదు. మళ్ళీ వెళ్ళనంటోంది. చెప్పకుండా ఎలా తగ్గుతుంది?

వశిష్ఠ_తీరం

తప్పకుండా అడగొచ్చమ్మా. మీ అమ్మగారు వెళ్ళనన్నారంటే తనని తాను కాపాడుకున్నారు. దాన్ని మొండితనం అనుకోకండి.

జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు 1992లో ఇలాంటి గాయాల నుంచి కోలుకోవడం మూడు దశల్లో జరుగుతుందని చెప్పింది. మొదటిది భద్రత. రెండోది జరిగినదాన్ని తలుచుకుని, పోయినదానికి దుఃఖించడం. మూడోది మళ్ళీ మనుషుల్లో కలవడం. ఒకదాని తర్వాత ఒకటి మెట్లెక్కినట్టు జరగదు, ముందుకీ వెనక్కీ అవుతుంటుంది. మొదటిది లేకుండా రెండోదానికి తొందరపెడితే మాత్రం మీ అమ్మగారికి జరిగినట్టే జరుగుతుంది. కొందరు జరిగిందంతా ఎప్పటికీ చెప్పరు, అయినా హాయిగా నిద్రపోతారు. చెప్పడం ఒక దారి, అదే షరతు కాదు.

నా దగ్గరికొస్తే ముందు కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఆవిడనే అడుగుతాను. తలుపు కనపడేలా కూర్చోవాలనుకుంటారు చాలామంది. తలుపు వెయ్యాలా, తెరిచి ఉంచాలా, అది కూడా ఆవిడ ఇష్టమే. ఏళ్ళ తరబడి ఇంకొకరి ఇంట్లో ఇంకొకరి చెప్పుచేతల్లో బతికిన మనిషికి ఈ చిన్న చిన్న ఇష్టాలు తిరిగి చేతికి రావడమే వైద్యంలో మొదటి భాగం. కొన్ని వారాలపాటు భయం ముంచుకొచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నదే నేర్పుతాను. రెండు పాదాలూ నేలకి ఆనించి, ఇప్పుడు ఎక్కడున్నాను, ఎదురుగా ఏమున్నాయి, ఏం వినపడుతోంది అని చూసుకోవడం. వదిలే ఊపిరి పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండేలా చూసుకోవడం. రేవుగట్టు గారూ, ఏరేటర్లు ఆగాయని లేచే మీ తమ్ముడికి కూడా ఇది పనికొస్తుంది. "ఏరేటర్లు లేవు, పడుకో" అని వాదించకండి. లైటు వేసి, టైమెంతయిందో, తనెక్కడున్నాడో తననే చెప్పనివ్వండి.

గౌతమి గారూ, ఇంట్లో మీరు చెయ్యగలిగింది ఒకటుంది. వంటింట్లోకి వెళ్ళేముందు బయట్నుంచే "అమ్మా, నేను" అని పిలవండి. గడియ తియ్యమని అడగకండి.

గౌతమి_లంక

మేం గడియ పీకేద్దామనుకున్నామండి. పీకం. థాంక్స్.

కొబ్బరాకు_అంబాజీపేట

వశిష్ఠ గారూ, ఒక సందేహం. మా వైపు గోదావరి లంకల్లో 2022 జులై వరద తర్వాత ఎవరో వచ్చి అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఏం జరిగిందో ఒక్కొక్కర్నీ చెప్పమన్నారు. మంచిదేనా అది? 1996 నవంబరు తుపాను నాటికి ఇవేమీ లేవు. ఇప్పటికీ మా పెదనాన్న గాలి హోరెత్తితే ఇంట్లో ఉండలేడు.

వశిష్ఠ_తీరం

విపత్తు జరిగిన వెంటనే అందరి చేతా ఒకే విడతలో బలవంతంగా చెప్పించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. అప్పుడు కావలసింది కూడూ గూడూ, తప్పిపోయినవాళ్ళ జాడ, చెప్పుకోవాలనిపిస్తే వినే మనిషి. ఎక్కువమంది కొన్ని నెలల్లో వాళ్ళంతట వాళ్ళే తేరుకుంటారు. తేరుకోనివాళ్ళకి వైద్యం. ఇన్నేళ్ళయినా గాలికి ఇంట్లో ఉండలేని మీ పెదనాన్నగారు ఆ రెండో కోవలోకి వస్తారు. ఏళ్ళు గడిచాయని వదిలెయ్యకండి, ఇప్పటికీ తగ్గించొచ్చు.

ప్రార్థన_రాజోలు

మా అత్తయ్య చర్చిలో ఉపవాస ప్రార్థన చేయిస్తోంది, థెరపీకి వెళ్తే విశ్వాసం లేనట్టే అంటోంది. ఏం చెప్పాలి?

వశిష్ఠ_తీరం

రెండూ చేసుకోవచ్చండి. గుడికెళ్ళేవాళ్ళు, చర్చికెళ్ళేవాళ్ళు, దర్గాకెళ్ళేవాళ్ళు అందరూ వస్తారు నా దగ్గరికి. ఎవర్నీ మానమనను. నమ్మకం వాళ్ళకి బలమైతే దాన్నే వైద్యంలో ఆసరాగా తీసుకుంటాను. మందులు ఆపేసి ప్రార్థన ఒక్కటే చాలు అంటే మాత్రం ఒప్పుకోకండి.

రేవుగట్టు_నరసాపురం

కొన్నాళ్ళుగా రాయలేదు, క్షమించండి. కాకినాడ డాక్టరుగారు చెప్పినట్టు మందులు కూడా మొదలయ్యాయి. రాత్రిళ్ళు ఇంకా లేస్తున్నాడు, కానీ లైటు వేసుకుని టైము చూసి మళ్ళీ పడుకుంటున్నాడు. చెక్‌ట్రే మాట చెప్తే నవ్వాడు. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో. కాగితం నేను అడగలేదు, వాడే చూపించాడు. "ఆరు గంటలు, కాలవగట్టు, టీ, నాలుగు" అని ఉంది. కింద "మా ఆవిడ కూడా వచ్చింది, ఆరు" అని ఉంది.

మాస్టారుగారు మాటన్నట్టే డీలరు దగ్గరికి వచ్చారు. తమ్ముడు అప్పుల జాబితా పట్టుకెళ్ళాడు. వడ్డీ పూర్తిగా మాఫీ చెయ్యలేదు గానీ, ఏడాది గడువు ఇచ్చాడు. మాస్టారూ, మీకు మా అమ్మ దణ్ణం చెప్పమంది.

ఒక్క విషయంలోనే నాకు గుబులుగా ఉంది. వాడిప్పుడు అమ్మతో "చెరువు మళ్ళీ చెయ్యను, నన్ను అడగొద్దు" అని గట్టిగా అనేశాడు. ఎప్పుడూ ఎదురు చెప్పనివాడు. అమ్మేమో ఆ డాక్టరమ్మే నేర్పించిందంటోంది.

వశిష్ఠ_తీరం

చాలా సంతోషంగా ఉందండి. ఆ "ఆరు" ఎక్కడ వచ్చిందో గమనించండి.

అమ్మగారి గుబులు సహజమే. బాగుపడితే పాత మనిషే తిరిగొస్తాడనుకుంటాం. ఒక్కోసారి కొంచెం వేరే మనిషి వస్తాడు. అడగ్గానే సరే అనేవాడు ఇప్పుడు ఆలోచించి వద్దంటాడు. పెద్ద దెబ్బ తర్వాత కొంతమంది మనుషులకి దగ్గరవడం, తమకేది ముఖ్యమో తేల్చుకోవడం, కొత్త దారి పట్టడం లాంటి వాటి గురించి టెడెస్కీ, కాల్హూన్ అనే ఇద్దరు పరిశోధకులు 1990ల నుంచి రాస్తున్నారు. దీన్ని నేను చాలా జాగ్రత్తగా మాట్లాడతాను. కష్టం మంచికే వచ్చిందని ఎవరికీ చెప్పకూడదు. ఎదగాలని ఎవర్నీ తొందరపెట్టకూడదు, అది ఇంకో బరువవుతుంది. వస్తే గుర్తుపట్టి, "ఇది నువ్వు చేసిందే" అని అతనికి చూపించడం వరకే నా పని. అమ్మగారు ఒప్పుకుంటే ఒక సెషన్‌కి తీసుకెళ్ళండి, మీ తమ్ముడు సరేనంటేనే సుమా.

కొత్తసభ్యుడు_తణుకు

ఇదంతా చదివి నాకూ వెళ్ళాలనిపించింది. ఎవర్ని నమ్మాలి? ఊరికో కౌన్సెలింగ్ బోర్డు కనపడుతోంది.

కాకినాడ_వార్డు

క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరై ఉండాలి. ఆ నంబరు అడగండి, అడిగితే తప్పేం కాదు. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఇన్ని రోజుల్లో గ్యారంటీగా తగ్గిస్తానన్నా, మొదటిరోజే ప్యాకేజీ మొత్తం కట్టమన్నా, నీ సంగతి చెప్తుంటే ఇంకో పేషెంటు సంగతి పేరుతో చెప్పినా అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి.

కొబ్బరాకు_అంబాజీపేట

రెండు మూడుసార్లు వెళ్ళాక కూడా ఆ మనిషి దగ్గర నోరు విప్పాలనిపించకపోతే ఆ మాట వాళ్ళకే చెప్పండి. మంచివాళ్ళయితే కోపం తెచ్చుకోరు, ఎందుకో అడుగుతారు. అప్పటికీ కుదరకపోతే వేరేవాళ్ళని చూసుకోవచ్చు.

రేవుగట్టు_నరసాపురం

చివరిగా ఒకటండి. ఎప్పుడు ఆపాలి? డబ్బు గురించి అడగట్లేదు. ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనని భయం.

వశిష్ఠ_తీరం

ఒక్కసారిగా ఆపం. వారానికొకసారి నుంచి రెండు వారాలకి, తర్వాత నెలకి దూరం చేస్తాం. ఆఖరి రెండు మూడు సెషన్లలో అతని చేతే ఒక కాగితం రాయిస్తాం. మళ్ళీ కుంగుతున్నానని నాకు మొదట తెలిసేది దేంతో? ఒకరికి గడ్డం పెరగడం, ఒకరికి ఫోన్లు ఎత్తకపోవడం, మీ తమ్ముడికి టీకొట్టు మానేయడం కావచ్చు. అప్పుడు నేను చేసే మొదటి పని ఏంటి, ఎవరికి చెప్తాను, ఏ గుర్తు కనపడితే ఇక ఆగకుండా డాక్టర్ని కలుస్తాను. ఇవన్నీ అతని మాటల్లోనే ఉండాలి. నకలు ఒకటి నా దగ్గర ఉంటుంది, ఒకటి అతను ఎంచుకున్న మనిషి దగ్గర ఉంటుంది. ఆ మనిషి అక్కే అయ్యుండాలని లేదు, భార్యని ఎంచుకున్నా, స్నేహితుణ్ణి ఎంచుకున్నా మీరు బాధపడకండి. మళ్ళీ ఎప్పుడైనా అవసరమైతే రావచ్చు, ఫోన్ చేసి టైము తీసుకుంటే చాలు.

రేవుగట్టు_నరసాపురం

అలాగేనండి. మా మరదలినే ఎంచుకుంటాడనుకుంటున్నాను. ఈ చర్చ మొత్తం ఆవిడకి పంపిస్తున్నాను.